అడవి గేటు ఎవరికి తెరుచుకుంటుంది? కుప్పం, మదనపల్లె, పుంగనూరు చెప్పే సంరక్షణ పాఠం

అవగాహన: పర్యావరణం, జీవవైవిధ్యం, సామాజిక న్యాయం

గ్రూప్‌-1కి చదివేవాళ్లయినా, ఫారెస్ట్‌ బీట్‌ ఆఫీసర్‌ పరీక్షకు కూర్చునేవాళ్లయినా వన్యప్రాణి సంరక్షణ అనగానే అభయారణ్యాల పట్టిక ముందేసుకుంటారు. పేరు, జిల్లా, సంవత్సరం, ప్రధాన జంతువు. ప్రిలిమ్స్‌కు అది చాలు. మెయిన్స్‌లో ఆ పట్టిక ఒక్కటే పట్టుకుని వెళ్తే అర పేజీ కూడా నిండదు. అక్కడ అడిగేది వేరు. అడవిని కాపాడే పనిలో నష్టం ఎవరు మోస్తున్నారు? చూసి ఆనందించేది ఎవరు? గేటు దాకా వచ్చి ఆగిపోతున్నది ఎవరు?

ఈ మూడు ప్రశ్నలకూ ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి అంచున జవాబులు దొరుకుతాయి. కుప్పంలో ఏనుగులున్నాయి. మదనపల్లె దగ్గర కొండ ఉంది, పిట్టలున్నాయి. పుంగనూరుకు ఒక ఆవు ఉంది. ఆ ఆవు దగ్గరే చాలామంది అభ్యర్థులు బోల్తా పడతారు. దాని సంగతి తర్వాత చూద్దాం.

కుప్పం: రెండు శతాబ్దాల తర్వాత వచ్చిన ఏనుగులు

ఈ ప్రాంతంలో సుమారు 200 ఏళ్లపాటు అడవి ఏనుగులు లేవు. 1980ల తొలి సగంలో తమిళనాడులోని హోసూరు, ధర్మపురి అడవుల వైపు నుంచి, కర్ణాటక సరిహద్దు నుంచి గుంపులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి దిగాయి. దీనికి కారణాలు రెండు. ఒకటి కరవు. రెండోది అంతకన్నా పెద్ద కారణం: అడవులు ముక్కలై, పాత దారుల మధ్య పొలాలు, రోడ్లు, క్వారీలు వచ్చాయి. అటు తిరిగే జంతువు ఇటు తిరిగింది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. సరిహద్దు రాళ్లు ఏనుగుకు పట్టవు కదా.

వాటి కోసం 1990లో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు. పాలారుకు ఉపనదులైన కౌండిన్య, కైగల్‌ ఈ అడవి గుండా పారతాయి. కైగల్‌ జలపాతం ఇక్కడిదే. పొడి ఆకురాల్చు అడవి, ముళ్లపొదలు, బండలు, మధ్యలో లోయలు. ఏనుగుతో పాటు ఎలుగుబంటి, చిరుత, దేవాంగపిల్లి ఉంటాయి. 2003లో రాయల ఏనుగుల రిజర్వును సుమారు 766 చదరపు కిలోమీటర్లతో ప్రకటించారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. అభయారణ్యానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972లో స్పష్టమైన హోదా ఉంది. ఏనుగుల రిజర్వుకు ఆ చట్టంలో అలాంటి ప్రత్యేక హోదా లేదు. అది 1992లో మొదలైన ప్రాజెక్ట్‌ ఎలిఫెంట్‌ కింద గుర్తించిన నిర్వహణ ప్రాంతం. రిజర్వు పరిధిలో రెవెన్యూ భూమి ఉండొచ్చు, ఊళ్లూ ఉండొచ్చు.

358 చదరపు కిలోమీటర్లు వినడానికి పెద్ద అంకె. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత మేస్తుంది, వంద లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. ఒక్క గుంపే ఏడాదిలో వందల చదరపు కిలోమీటర్లు తిరుగుతుంది. వేసవిలో అడవిలో కుంటలు ఎండితే బయట చెరువు కింద వరి, చెరకు, అరటి, మామిడి, రాగి పచ్చగా కనిపిస్తాయి. అడవిలో పగలంతా తిరిగి తెచ్చుకునే మేత అక్కడ ఒక్క రాత్రిలో దొరుకుతుంది. ‘ఏనుగులు దిగాయి’ అన్న కబురు వచ్చిందంటే రామకుప్పం, వి.కోట, బైరెడ్డిపల్లె వైపు పల్లెల్లో ఆ రాత్రి నిద్ర ఉండదు. పుంగనూరు వైపు సోమల, పులిచెర్ల మండలాల రైతులకూ ఈ బాధ కొత్త కాదు.

సంరక్షణ ఖర్చు అంటే బడ్జెట్‌ పద్దు మాత్రమే కాదు. మంచె మీద కాపలా ఉన్న రాత్రులు, తొక్కిన డ్రిప్‌ పైపులు, విరిగిన మామిడి కొమ్మలు, తెల్లవారుజామున బహిర్భూమికి వెళ్లడానికి భయపడే ఆడవాళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తారు. పరిహారం కాగితాల్లో వీటిలో కొన్నింటికి గడి కూడా ఉండదు. వన్యప్రాణుల దాడిలో మరణిస్తే లేదా శాశ్వత వైకల్యం కలిగితే ఇచ్చే ఎక్స్‌గ్రేషియాను కేంద్రం 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది.

కడుపు మండిన రైతు పొలం చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగుతాడు. ఏనుగు చచ్చిపోతుంది. ఏనుగు షెడ్యూలు-1 జంతువు కాబట్టి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేల రూపాయల జరిమానా. అదే తీగ తగిలి మనుషులు కూడా పోతారు. శిక్ష తప్పని నేరమే. కానీ ఆ తీగ దాకా అతన్ని తోసిన ఏళ్ల నష్టం గురించి జవాబు పత్రంలో ఒక్క వాక్యమైనా రాయని అభ్యర్థి సగం సమస్యే చెప్పినట్టు.

కందకాలు, సోలార్‌ కంచె, కుంకీలు

అటవీ శాఖ కందకాలు తవ్వించింది, సోలార్‌ కంచె వేయించింది. రెండూ పనిచేస్తాయి, నిర్వహణ ఉన్నంతకాలమే. వానకు కందకం గట్లు జారతాయి. ఏనుగు చెట్టును తోసి తీగ మీద పడేస్తుంది. దంతానికి కరెంటు పారదని కూడా దానికి త్వరగానే తెలుస్తుంది.

మూడో మార్గం కుంకీ, అంటే శిక్షణ పొందిన ఏనుగు. అడవి ఏనుగును మళ్లించడానికి మావటి దాన్ని వాడతాడు. కుప్పం దగ్గరి ననియాల శిబిరంలో జయంత్‌, వినాయక్‌ అనే కుంకీలు ఉండేవి. వాటితో సరిపోక 2024 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్‌, కర్ణాటక ఒప్పందం చేసుకున్నాయి. 2025 మే నెలలో బెంగళూరులో కృష్ణ, అభిమన్యు, దేవ, రంజన్‌ అనే నాలుగు కుంకీలను కర్ణాటక అప్పగించింది. వాటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పాటైంది. వర్తమాన వ్యవహారాల్లో ఈ ముక్క నేరుగా అడగొచ్చు.

ఒకటి చెప్పక తప్పదు. కుంకీ ఈ రాత్రికి గుంపును అవతలికి పంపగలదు. తెగిపోయిన దారిని కలపలేదు. ఏనుగులు తిరిగే నేల మూడు రాష్ట్రాల్లో పరచుకుని ఉంది. తమిళనాడు 2014లో కావేరి ఉత్తర అభయారణ్యాన్ని ప్రకటించింది. కర్ణాటక వైపు కోలారు జిల్లా అడవులున్నాయి. మూడింటినీ ఒకే పటం మీద పెట్టి ప్రణాళిక వేయనంత కాలం ఒక రాష్ట్రం తోలిన గుంపు ఇంకో రాష్ట్రం పొలంలో తేలుతుంది.

హెచ్చరిక అందరికీ చేరుతోందా?

ప్రకృతిని అందరికీ చేరువ చేయడం అనగానే మనసు పర్యాటకుల మీదికి పోతుంది. మొదలు అక్కడ కాదు, అడవి అంచు ఊళ్లో. ఏనుగుల కబురు ఎలా చేరుతుంది? దండోరా, మైకు, వాట్సాప్‌ గ్రూపు, ట్రాకర్‌ ఫోను. చెవులు వినపడని మనిషికి దండోరా ఏం చెబుతుంది? చూపు లేని వాళ్లకు వాట్సాప్‌ ఫొటో ఏం చెబుతుంది? స్మార్ట్‌ఫోను కొడుకు చేతిలో ఉండి, ఆ కొడుకు బెంగళూరులో ఉంటే ఇంట్లో ముసలమ్మకు ఎవరు చెబుతారు? ఊరికొక జాబితా ఉండాలి. ఎవరి ఇంటికి మనిషే వెళ్లి చెప్పాలో, ఎవరికి మోగే ఫోనుకన్నా అదిరే ఫోను మేలో అందులో రాసి ఉండాలి. ఇది దయాదాక్షిణ్యం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని సెక్షన్‌ 8, ప్రమాదకర పరిస్థితుల్లోనూ ప్రకృతి విపత్తుల్లోనూ దివ్యాంగులకు సమాన రక్షణ ఉండాలంటుంది. ఏనుగుల సమస్య జవాబులో ఈ సెక్షన్‌ రాసేవాళ్లు చాలా అరుదు. అందుకే అది మీకు పనికొస్తుంది.

అభయారణ్యంలోకి ఎవరు వెళ్లొచ్చు?

వన్యప్రాణి చట్టం సెక్షన్‌ 27 ప్రవేశాన్ని పరిమితం చేస్తుంది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి, చీఫ్‌ వైల్డ్‌లైఫ్‌ వార్డెన్‌ నివాస అనుమతి ఇచ్చిన వ్యక్తి, లోపల స్థిరాస్తి హక్కున్న వ్యక్తి, ప్రజా రహదారి మీదుగా పోయేవాళ్లు, మొదటి ముగ్గురిపై ఆధారపడినవాళ్లు... వీరికి పర్మిట్‌ అక్కర్లేదు. మిగతావారికి సెక్షన్‌ 28 కింద అనుమతి కావాలి. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల ఉండేవారితో చట్టబద్ధమైన లావాదేవీలు అందులోని ప్రయోజనాలు. పర్యాటకం కూడా చట్టంలోనే ఉందన్నది గమనించండి.

సెక్షన్‌ 27లో ఇంకో భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. అభయారణ్యంలో నివసించేవాళ్లు నేరాలను అడ్డుకోవాలి, జంతువు చనిపోతే తెలియజేయాలి, మంటలు ఆర్పాలి, అధికారులకు సాయపడాలి. బాధ్యతలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు నిర్ణయాల్లో వాటా ఏదీ? 2002 సవరణతో వచ్చిన సెక్షన్‌ 33బీ సలహా కమిటీలో స్థానిక శాసనసభ్యుడు, పంచాయతీరాజ్‌ సంస్థల నుంచి ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, సంరక్షణ రంగంలో పనిచేసే ముగ్గురు ఉంటారు. దివ్యాంగులకో, మహిళలకో విడిగా చోటు అందులో రాసి లేదు. మెయిన్స్‌లో ‘సూచనలు’ అడిగితే మొదట రాయదగ్గది ఇదే.

స్థానికుల మాటకు ఎంత విలువుందో తెలుగు నేలే ఒకసారి చూపింది. అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్‌ భూషణ్‌ అన్వేషణకు దారి చూపింది అక్కడి పల్లె వేటగాళ్లే. దాన్ని వాళ్లు ఎరుగుదురు. అడిగినవాళ్లే లేకపోయారు.

మదనపల్లె: కొండ మీదికి రోడ్డుంది, తర్వాత?

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల కథ ఈ కొండ చుట్టూ ఇప్పటికీ చెబుతారు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఇక్కడ వేసవి విడిది కట్టుకున్నాక కొండ పేరు మారింది. ఎత్తు 1,200 మీటర్లకు పైమాటే. గాలిబండ దగ్గర నిలబడితే ఎందుకా పేరు వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

పరీక్షకు పనికొచ్చే పక్షి ఇక్కడ ఒకటి ఉంది: పసుపు గొంతు పికిలిపిట్ట. ఐయూసీఎన్‌ జాబితాలో ‘హాని పొందే అవకాశమున్న’ వర్గం. దక్షిణ భారతంలోని బండల కొండలు, ముళ్లపొదల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా దొరకదు. దట్టమైన పచ్చటి చెట్లు ఉంటేనే అడవి అనుకునే అలవాటు దీనికి శత్రువు. ‘బంజరు’ అని రాసి క్వారీకి ఇచ్చే గుట్టే దాని ఇల్లు.

కొండకు ఘాట్‌ రోడ్డుంది, కారు పైదాకా పోతుంది. అయినా కారు దిగాక చక్రాల కుర్చీ ఎంత దూరం పోతుంది? ప్రామాణిక ర్యాంపు వాలు 1:12కు మించకూడదు. అంటే ఒక మీటరు ఎత్తు ఎక్కడానికి 12 మీటర్ల ర్యాంపు కావాలి. గుట్ట మీద అన్నిచోట్లా అది కుదరదు, కుదరాలని పట్టుబడితే కొండనే తొలచాల్సి వస్తుంది. కానీ ఒక వ్యూపాయింట్‌, ఒక చిన్న చదును దారి, ఒక మరుగుదొడ్డి, దారి పక్క చేతిపట్టీ, మధ్యమధ్య కూర్చునే అరుగులు కుదురుతాయి. పలకల మీద పిట్ట పేర్లు తెలుగులో రాయడానికి ర్యాంపు కూడా అక్కర్లేదు. ఇంగ్లిషు, శాస్త్రీయ నామం మాత్రమే ఉన్న బోర్డు, ఆర్టీసీ బస్సులో వచ్చిన కుటుంబాన్ని మర్యాదగా బయటే నిలబెడుతుంది.

చట్టం వైపు చూస్తే దివ్యాంగుల హక్కుల చట్టం-2016లో సెక్షన్‌ 29 సంస్కృతి, వినోదాల గురించి, సెక్షన్‌ 40 ప్రాప్యతా ప్రమాణాల గురించి చెబుతాయి. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. 2024 నవంబరు 8న రాజీవ్‌ రటూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలను సలహాలుగా వదిలేసిన 2017 నిబంధనల్లోని 15(1)ను చెల్లదంది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది.

నడవలేని వారికి ప్రకృతిని చేరువ చేయడంలో మదనపల్లెకు పాత అనుభవమే ఉంది. 1915లో మొదలైన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయాన్ని ఇక్కడి పొడి గాలిని చూసే పెట్టారు. స్ట్రెప్టోమైసిన్‌ రాకముందు క్షయకు మందు విశ్రాంతి, తిండి, గాలి, వెలుతురు. నడవలేని రోగి దగ్గరికి గాలినీ వెలుతురునూ తెచ్చేలా కట్టడాలు కట్టారు.

రిషి వ్యాలీ: అభయారణ్యం కాని పక్షుల లోయ

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్ఫూర్తితో వెలిసిన రిషి వ్యాలీ పాఠశాల 1991లో తన లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకుంది. దీనికి వన్యప్రాణి చట్టం కింద నోటిఫికేషన్‌ లేదు. దశాబ్దాల పాటు చెట్లు నాటి, గుట్టల మీద మేతను అదుపు చేసి, నీటిని ఆపి పచ్చదనాన్ని తిరిగి రప్పించారు. 200కు పైగా పక్షి జాతులను అక్కడ నమోదు చేశారు.

నాకు అన్నింటికన్నా నచ్చేది ఇక్కడి పక్షి అధ్యయన సంస్థ పోస్టు ద్వారా నడిపిన పక్షిశాస్త్ర గృహ కోర్సు. ఊరు దాటలేని వారు, ఉద్యోగం వదల్లేని వారు, కొండ ఎక్కలేని వారు తమ పెరటి పిట్టలనే పాఠంగా చదువుకోవచ్చు. అడవికి మనిషిని మోసుకెళ్లకుండానే మనిషిని ప్రకృతికి దగ్గర చేసిన పద్ధతి అది. ఖర్చు కూడా తక్కువే.

చూపు లేకపోతే పక్షుల్ని చూడలేం కదా అనేవాళ్లకు ఉరుగ్వేకు చెందిన హువాన్‌ పాబ్లో కులాస్సో పేరు చెప్పండి. పుట్టు అంధుడు, పక్షి కూతల రికార్డింగ్‌లో నిపుణుడు. చేతి స్పర్శతో గవ్వల పరిణామాన్ని చదివిన అంధ శాస్త్రవేత్త గీరాట్‌ వెర్మై అమెరికాలో ప్రొఫెసరుగా పనిచేశారు. పికిలిపిట్ట పొద చాటున కనపడకుండా కూస్తుంది. దాన్ని పట్టడానికి చెవే ముందు కావాలి.

పుంగనూరు: ఇక్కడే జారిపడతారు

పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి పొట్టి పశు జాతుల్లో ఒకటి. ఎత్తు మీటరు లోపే. పాలలో వెన్న శాతం ఎక్కువ, మేత ఖర్చు తక్కువ. పాల దిగుబడి కోసం విదేశీ జాతులతో సంకరం చేయడం వల్ల స్వచ్ఛమైన జాతి దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని నిలబెట్టింది.

ప్రశ్న ఇలా వస్తుంది: ‘పుంగనూరు ఆవు వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏ షెడ్యూలులో ఉంది?’ ఏ షెడ్యూలులోనూ లేదు. అది పెంపుడు జంతువు. దాని సంరక్షణ జీవవైవిధ్య చర్చలోకి వస్తుంది, ఎందుకంటే జీవవైవిధ్య ఒప్పందం పెంపుడు జాతులనూ లెక్కలోకి తీసుకుంటుంది. జాతుల నమోదు కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో పని.

ఇంకో రెండు ఉచ్చులు: జాతీయ జంతువు పులి, జాతీయ వారసత్వ జంతువు ఏనుగు (2010 అక్టోబరు). 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టంలో షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి. పాత పుస్తకం చదివేవాళ్లు ఇప్పటికీ ఆరే రాస్తున్నారు.

అన్ని దారులూ తెరవాలా?

తెరవకూడదు. నీలగిరిలో సిగూర్‌ ఏనుగుల కారిడార్‌ మీద కట్టిన రిసార్టులు కూడా ‘ప్రకృతి ఒడిలోకి రండి’ అనే పిలిచాయి. 2020 అక్టోబరు 14న సుప్రీంకోర్టు కారిడార్‌ నోటిఫికేషన్‌ను సమర్థించింది. డబ్బున్న అతిథికి పరిచిన తివాచీ ఏనుగు దారిని మూసేసింది. కార్బెట్‌ టైగర్‌ రిజర్వు కేసులో 2024 మార్చిలో కోర్ ప్రాంతంలో పులుల సఫారీ కుదరదని కూడా కోర్టు చెప్పింది. కాబట్టి కౌండిన్య లోపల కొత్త రోడ్లు వేసి దాన్ని ‘అందరికీ అందుబాటు’ అనడం తప్పు. చక్రాల కుర్చీ పేరు చెప్పి జీపు దారి వేసే అలవాటు మనకుంది, జాగ్రత్త. అంచుల్లో, ఇప్పటికే తెరిచి ఉన్న చోట్ల, చెరువు గట్ల మీద, కళాశాల ప్రాంగణాల్లో వసతులు పెంచాలి. లోపలి అడవిని ఎవరికీ, దారి కొనుక్కోగలిగిన వాళ్లతో సహా, తెరవకూడదు.

అంతర్జాతీయ కోణం

క్లుప్తంగా చాలు. ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒప్పందం (2006, భారత్‌ ఆమోదం 2007) ఆర్టికల్‌ 30 వినోదం, విశ్రాంతి, క్రీడల్లో పాల్గొనే హక్కును చెబుతుంది. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.7 మహిళలు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగులకు సురక్షితమైన పచ్చని ప్రజాస్థలాలు 2030 నాటికి అందాలంటుంది. 2022 డిసెంబరు నాటి కున్మింగ్‌-మాంట్రియల్‌ ఒప్పందంలో అందరూ 30 శాతం భూభాగం, సముద్ర రక్షణ గురించిన మూడో లక్ష్యాన్నే బట్టీ పడతారు. జీవవైవిధ్య నిర్ణయాల్లో మూలవాసులు, స్థానిక సమాజాలు, మహిళలు, యువత, దివ్యాంగుల భాగస్వామ్యం కోరేది 22వ లక్ష్యం. మన అంశానికి అదే కీలకం.

మెయిన్స్‌ ప్రశ్న, రాసే తీరు

‘సంరక్షణ సమ్మిళితం కాకపోతే నిలవదు. ఆంధ్రప్రదేశ్‌ ఉదాహరణలతో చర్చించండి.’

మొదటి పేరాలో 48ఏ, 51ఏ(జి) అధికరణాలు ఒక్క వాక్యంలో ముగించండి. రెండూ 1976 నాటి 42వ సవరణతో వచ్చాయి, మొదటిది రాజ్యానికి, రెండోది పౌరుడికి. వెంటనే కౌండిన్యకు వెళ్లండి: ఏనుగులు ఎందుకు వచ్చాయి, 1990లో ఏం చేశారు, భారం ఎవరి మీద పడింది. పరిహారం, కుంకీలు, కంచెల పరిమితులు రెండు మూడు వాక్యాల్లో. తర్వాత చట్టంలోని వైరుధ్యం: సెక్షన్‌ 27 బాధ్యతలు, 33బీ కమిటీలో చోటు. దివ్యాంగుల చట్టం సెక్షన్లు 8, 29, 40 ఇక్కడ కలపండి, రటూరి తీర్పు ఒక లైను. రిషి వ్యాలీని నోటిఫికేషన్‌ లేకుండా నిలిచిన నమూనాగా, సిగూర్‌ను హెచ్చరికగా ఎదురెదురు పెట్టండి. సూచనల్లో ‘అవగాహన కార్యక్రమాలు నిర్వహించాలి’ అని రాసి చేతులు దులుపుకోకండి, ఆ వాక్యం ప్రతి పేపర్లోనూ ఉంటుంది. మూడు రాష్ట్రాల ఉమ్మడి ఏనుగుల ప్రణాళిక, అందరికీ చేరే హెచ్చరిక వ్యవస్థ, సలహా కమిటీలో దివ్యాంగులకు, మహిళలకు స్థానం, పర్యాటక రుసుములో అంచు గ్రామాలకు వాటా. ఈ నాలుగింటిలో ప్రతిదానికీ ఎవరు చేయాలో, ఏ చట్టం కింద చేయాలో పక్కనే రాస్తే సమాధానం పూర్తయినట్టే.